పార్టులు ఉన్నాయి, గుర్తుపట్టేవాళ్లు కావాలి

సంపాదకులకు నమస్కారం.

పాత అంబాసిడర్లు, ఫియట్లు పార్టులు దొరకక తుక్కు కింద పోతున్నాయని ఈమధ్య మీ పత్రికలో కథనం వచ్చింది. అందులో రాసిన బాధ నిజమే. కారణం మాత్రం సగమే నిజం. వరంగల్ స్టేషన్ రోడ్డులో మాకు స్పేర్ పార్టుల దుకాణం ఉంది. మా మామయ్య పెట్టింది. ఆయన పోయాక కౌంటర్లో నేను కూర్చుంటున్నాను. అక్కడ రోజూ చూస్తున్నదాన్ని బట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. చాలాసార్లు పార్టు ఎక్కడో ఒకచోట ఉంటుంది. మా అరల్లోనే ఉండొచ్చు, సికింద్రాబాద్ రాణిగంజ్‌లో ఉండొచ్చు, చెన్నై పుదుపేటలోనో కోల్‌కతా మల్లిక్ బజార్‌లోనో ఉండొచ్చు. మనకు కావలసింది అదేనని తేల్చి చెప్పే మనిషి దొరకడమే కష్టమైపోయింది.

దుకాణానికి వచ్చినవాళ్లు ముందు బండి పేరు చెబుతారు. "అంబాసిడర్‌కు వీల్ సిలిండర్ కావాలమ్మా" అంటారు. అంటే చక్రం దగ్గర బ్రేకును నొక్కే భాగం. ఏ అంబాసిడర్ అని అడిగితే "అంబాసిడరే" అంటారు. హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు బెంగాల్‌లోని ఉత్తరపారలో 1950ల చివర మొదలుపెట్టి 2014 దాకా ఆ పేరుతో బండ్లు చేశారు. మొదట వచ్చినవాటిలో 1476 సీసీ సైడ్ వాల్వ్ ఇంజిన్ ఉండేది. తర్వాత 1489 సీసీ ఓవర్‌హెడ్ వాల్వ్ వచ్చింది. ఆ తర్వాత డీజిల్, 1990ల్లో ఇసుజు 1800 సీసీ ఇంజిన్. మార్క్ 2, మార్క్ 3, మార్క్ 4, నోవా అని మారుతూ పోయాయి. బయటి బాడీ చూస్తే పెద్ద తేడా తెలియదు, లోపల మాత్రం చాలా మారింది.

ఫియట్ సంగతి ఇంకా చిక్కు. బొంబాయిలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వాళ్లు 1954లో ఫియట్ 1100 తెచ్చారు. మిల్లెసెంతో, ఎలిగెంట్, సూపర్ సెలెక్ట్, డిలైట్ అని పేర్లు మారి చివరికి పద్మిని అయింది. మన దగ్గర అన్నింటినీ ఫియట్ అనే అంటాం. ఈమధ్య పిల్లలు ఫోన్‌లో చూసి విదేశాల నుంచి పార్టులు తెప్పించుకుంటున్నారు. ఫియట్ 1100 డి అని కొట్టి పిస్టన్ సెట్ ఆర్డర్ చేస్తారు. యూరప్‌లో అమ్మిన 1100 డి ఇంజిన్ 1221 సీసీ, బోరు (సిలిండర్ లోపలి వ్యాసం) 72 మిల్లీమీటర్లు. మన దేశంలో చేసినది 1089 సీసీ, బోరు 68. పేరు ఒకటే అయినా ఆ పిస్టన్ మన బ్లాకులోకి దిగనే దిగదు. వేలు పోసి, కస్టమ్స్ కట్టి తెప్పించుకున్న పార్టును అట్టపెట్టెతో సహా మా కౌంటర్ మీద పెట్టి "ఇది ఎవరికైనా పనికొస్తుందా అమ్మా" అని అడుగుతుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ఆర్డర్ చేసేముందు పాత పిస్టన్‌కు వెర్నియర్ (మిల్లీమీటరులో భాగాలను కూడా కొలిచే పనిముట్టు) పెట్టి చూసి ఉంటే ఆ డబ్బు మిగిలేది.

ఆర్సీలో సంవత్సరం ఉంటుంది కదా అంటారు. ఉంటుంది, కానీ అది బండి పుట్టిన సంవత్సరం. మన ప్రాంతంలో ఈ బండ్లు ఎలా తిరిగాయో తెలిసిందే. పరకాల, నర్సంపేట, ములుగు రోడ్ల మీద ట్యాక్సీలుగా, పెళ్లిబండ్లుగా, మేడారం జాతరకు కిక్కిరిసిన బండ్లుగా నడిచాయి. దారిలో ఏది విరిగితే దాని బదులు దొరికింది వేసుకుని పోయారు. ఒకదాని ఇరుసు ఇంకొకదానికి, ఒకదాని గేర్‌బాక్సు మరొకదానికి ఎక్కింది. 1968 బండికి 1968 నాటి పార్టే ఉందని ఎవరూ నమ్మకంగా చెప్పలేరు. అందుకే మా దుకాణంలో మేం ముందు అడిగేది పాత పార్టు. ఫోటో ఒక్కటీ చాలదు. విప్పిన పార్టు చేతిలోకి రావాలి, అదీ తుక్కువాడికి పోకముందు రావాలి.

ఆ పాత పార్టును కిరోసిన్‌తో కడిగి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే చాలు. గ్రైండర్ పెట్టొద్దు, ఎమరీ కాగితం పెట్టొద్దు. మెరిసేలా చేయాలని మిస్త్రీ దగ్గర పనిచేసే పిల్లలు రుద్దేస్తారు, దాంతో అసలు ఆధారం పోతుంది. ఇనుములో రెండు రకాల నంబర్లు ఉంటాయి. పోతపోసేటప్పుడే అచ్చులోంచి ఉబ్బెత్తుగా వచ్చే నంబరు ఒకటి, తర్వాత సుత్తితో కొట్టినట్టు లోపలికి దిగిన నంబరు ఇంకొకటి. ఉబ్బెత్తు నంబరు పోతకు చెందినది. ఒకే పోతను రెండు మూడు రకాలుగా మరపట్టి రెండు మూడు వేర్వేరు పార్టులు చేస్తారు కాబట్టి, ఆ నంబరు కలిసినంత మాత్రాన పార్టు కలిసినట్టు కాదు. వాటర్ పంపులు, సిలిండర్ హెడ్లు, హౌసింగుల విషయంలో జనం ఎక్కువగా మోసపోయేది ఇక్కడే.

ప్లగ్గులకు వరసగా కరెంటు పంచే, మిస్త్రీలు డెల్కో అని పిలిచే డిస్ట్రిబ్యూటర్‌నే తీసుకోండి. ఇంగ్లండ్ మూలం ఉన్న బండ్లలో ఎక్కువగా లూకాస్ కంపెనీది ఉంటుంది. ఒంటి మీద 25డి4 లాంటి మోడల్ పేరు, దాని పక్కన ఐదంకెల నంబరు, ఇంకో చిన్న నంబరు ఉంటాయి. మోడల్ పేరు చూసి ఒకటే అనుకుంటారు. లోపలి బరువులు, స్ప్రింగులు ఏ ఇంజిన్‌కు అమర్చారో చెప్పేది ఆ ఐదంకెల నంబరు. అది వేరైతే, మూత సరిగ్గా కూర్చున్నా, బండి స్టార్ట్ అయినా, లోడ్ మీద పింకింగ్ (ఇంజిన్‌లో టకటకమనే చప్పుడు) వస్తుంది, లేదా ఎత్తు ఎక్కేటప్పుడు లాగదు. పార్టు బాగాలేదని మళ్లీ మనల్నే తిడతారు. చిన్న నంబరు అది తయారైన కాలం. పాతవాటి మీద నెల, సంవత్సరం, తర్వాతవాటి మీద వారం, సంవత్సరం కొట్టేవారు. 1964 బండికి 72 అని ఉన్న డిస్ట్రిబ్యూటర్ కనబడితే అది మధ్యలో మార్చినదని అర్థం. ఇక దాన్నే నమూనాగా పెట్టుకుని వెతకడం దండగ.

బేరింగుల విషయంలో మాత్రం మనసుకు ఊరట. నర్సంపేట దగ్గరి ఊరినుంచి ఒక రిటైర్డ్ మాస్టారు డైనమో బేరింగు పట్టుకొచ్చారు. ఈ బండి పార్టులు ఎక్కడా రావని రెండు ఊళ్లలో చెప్పారట. ఆ నల్లటి గ్రీజు కడిగితే పక్క రింగు మీద 6203 అని కనబడింది. అది ఏ కారు కంపెనీదీ కాదు, ప్రపంచమంతా ఒకటే నంబరు. లోపలి వ్యాసం 17 మిల్లీమీటర్లు, బయట 40, మందం 12. కరెంటు మోటార్లలోనూ అదే వేస్తారు. బేరింగులమ్మే ఏ దుకాణంలోనైనా అడగ్గానే తీసిస్తారు. ఆయనకు నమ్మకం కుదరలేదు, పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి మూడు కొలతలూ ఆయనతోనే చదివించాను. ఈ నంబర్లలో చివరి రెండంకెలు 04, ఆపైన ఉంటే ఐదుతో గుణించాలి, లోపలి వ్యాసం వస్తుంది. 6204 అంటే 20, 6205 అంటే 25. 00, 01, 02, 03 మాత్రం వరసగా 10, 12, 15, 17. నంబరు తర్వాత జెడ్‌జెడ్ అని ఉంటే రెండు పక్కలా రేకు మూత, 2ఆర్‌ఎస్ అంటే రబ్బరు మూత. ఈ నాలుగు ముక్కలు తెలిసిన మనిషి ఊరికి ఒకడుంటే ఎన్నో బండ్లు షెడ్డులోంచి బయటికి వస్తాయి. ఆయిల్ సీళ్లూ అంతే. లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం వరసగా అచ్చువేసి ఉంటాయి. అరిగిపోతే వెర్నియర్‌తో కొలవొచ్చు, కాకపోతే సీలును కాదు, షాఫ్టునూ హౌసింగునూ కొలవాలి. పాత సీలు పెదవి సాగిపోయి ఉంటుంది.

బోల్టుల దగ్గరికి వస్తే నాకు కోపం వస్తుంది, దాచుకోను. అంబాసిడర్ ఇంచీల బండి, ఫియట్ మిల్లీమీటర్ల బండి. మన మిస్త్రీలు రెండున్నర సూత్ అనే బోల్టు ఇంచీలో పదహారింట ఐదు వంతులు, అంటే 7.94 మిల్లీమీటర్లు. ఎనిమిది ఎంఎం బోల్టు పక్కన పెడితే కంటికి తేడా కనబడదు. కానీ ఆ సైజులో యూఎన్‌ఎఫ్, బీఎస్‌ఎఫ్ అని ఇంచీ థ్రెడ్ రకాలుంటాయి, మొదటిది ఇంచికి 24 చుట్లు, రెండోది 22, మామూలు ఎనిమిది ఎంఎంలో ఇంచికి ఇరవై చిల్లర. మొదటి రెండు మూడు చుట్లు చేత్తో పోతుంది, తర్వాత పానా పెట్టి బలవంతంగా తిప్పుతారు. అల్యూమినియం హౌసింగ్ అయితే అక్కడితో థ్రెడ్ పోయింది. తర్వాత లేత్ షాపుకు, ఆ తర్వాత వెల్డింగుకు, చివరికి తుక్కుకు. పిచ్ గేజ్ అనేది చిన్న పనిముట్టు, ఆకులు ఆకులుగా ఉంటుంది, థ్రెడ్‌లో పెడితే కూర్చుందో లేదో వెలుతుర్లో తెలిసిపోతుంది. ఖరీదైనదేమీ కాదు. ఇంచి బండ్ల పని ఒప్పుకునే ప్రతి షెడ్డులో అది ఉండి తీరాలి.

ఇంజిన్‌లో క్రాంకు షాఫ్టు తిరిగే షెల్ బేరింగుల వెనకవైపు ఎస్‌టీడీ (స్టాండర్డ్) అనో, 010, 020, 030 అనో ఉంటుంది. క్రాంకును ఎంత గ్రైండ్ చేశారో చెప్పే, ఇంచిలో వెయ్యోవంతుల లెక్క అది, మిస్త్రీల భాషలో టెన్ థౌ, ట్వంటీ థౌ. మిల్లీమీటర్ల ఇంజిన్లలో 0.25, 0.50 అని ఉంటుంది. పాత షెల్ పారేస్తే క్రాంకు ఎంతకు గ్రైండ్ చేశారో ఎవరికీ తెలియదు. కొలవకుండా స్టాండర్డ్ షెల్ వేస్తే ఆయిల్ ప్రెషర్ పడిపోతుంది. మందం ఎక్కువది వేస్తే క్రాంకు తిరగదు.

అన్నింటికన్నా నాకు భయం బ్రేకుల దగ్గర. వీల్ సిలిండర్ చూడ్డానికి ఒకేలా ఉంటుంది. బోరు ముప్పావు ఇంచి ఉండొచ్చు, ఎనిమిదింట ఏడు వంతుల ఇంచి ఉండొచ్చు. చాలావాటి మీద ఆ సైజు పోతలోనే రాసి ఉంటుంది. తేడా ఎనిమిదో వంతు ఇంచే కదా అనిపిస్తుంది. కానీ పిస్టన్ వైశాల్యం లెక్కకడితే పెద్దదాంట్లో మూడో వంతుకు పైగా ఎక్కువ వస్తుంది. ఒక చక్రానికి ఒకటి, ఇంకో చక్రానికి ఒకటి వేస్తే బ్రేకు తొక్కినప్పుడు బండి ఒక పక్కకు లాగుతుంది. హన్మకొండ నుంచి ములుగు వైపు లారీల మధ్య వెళ్తుండగా అలా లాగితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. అందుకే ఎవరైనా "దగ్గర దగ్గరగా ఉన్నదేదో ఇచ్చెయ్యమ్మా" అంటే, దీపానికో అద్దానికో అయితే ఆలోచిస్తాను గానీ, బ్రేకుకూ స్టీరింగుకూ ఇవ్వను. గిరాకీ పోయినా సరే.

ఇంకో మాట. పాత స్టాకు అంటే అంతా బంగారం అనుకోవద్దు. పెట్టెలో ఉన్న గేరు, షాఫ్టు, బేరింగు తుప్పు లేకపోతే నలభై ఏళ్ల తర్వాత కూడా కొత్తదే. రబ్బరు అలా కాదు. బ్రేకు కప్పులు, హోస్ పైపులు, సీళ్లు వాడకపోయినా గట్టిపడి పగుళ్లిస్తాయి. మా దగ్గర కంపెనీ కవర్లో ఉన్న పాత రబ్బరు కిట్లు కూడా ఉన్నాయి. వాటిని సైజు చూసుకోవడానికి నమూనాగా చూపిస్తాను, అమ్మను. అలాగే బ్రేకు రబ్బర్లను పెట్రోలుతోనో ఇంజిన్ ఆయిల్‌తోనో కడగకండి, ఉబ్బిపోతాయి. పార్టు గుర్తుపట్టడం కోసం కిరోసిన్ వాడమన్నది ఇనుముకే.

ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం వేరే ఉంది. మన జిల్లాలోనే ఒక ఆఫీసు పాత వాహనాలను, వాటి స్పేర్లను వేలం వేసింది. ఏ ఆఫీసో రాయను. నేను చూడ్డానికి వెళ్లాను. జీపు పార్టులు, అంబాసిడర్ పార్టులు, ఎప్పుడో ఇండెంట్ పెట్టి తెప్పించి వాడకుండా మిగిలినవి. ఒక్కొక్కటి అట్టపెట్టెలో, మైనపు కాగితంలో చుట్టి ఉండేవట. బరువు తూయడానికి అడ్డం అని పెట్టెలన్నీ చింపి మూలన పోసి, పార్టులను గోనె సంచుల్లో కలిపేశారు. కింగ్ పిన్నులు, బుష్‌లు, టై రాడ్ ఎండ్లు, కార్బురేటర్ జెట్లు అన్నీ ఒకే సంచిలో. పెట్టె మీది లేబుల్లో ఉన్న నంబరే ఆ పార్టుకు పేరూ ఊరూ. అది లేకపోతే కిలోల లెక్కన ఇనుమే. చింపిన అట్టలు కొన్ని ఏరుకొచ్చాను, ఏ అట్ట ఏ పార్టుదో ఇప్పుడు ఎవరు చెప్పగలరు? అక్కడి సిబ్బందిని తప్పుపట్టను, వాళ్లకు ఎవరూ చెప్పలేదు. కానీ ప్రభుత్వ డబ్బుతో కొన్న కొత్త పార్టులు అలా పోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడడం లేదు.

మా మామయ్య పద్ధతి వేరుగా ఉండేది. ఏ పార్టు వచ్చినా దానికి ఇనుప తీగతో చిన్న రేకు బిళ్ల కట్టేవారు. బండి, నంబరు, కుడియా ఎడమా అన్నది మేకుతో గీసేవారు. టార్షన్ బార్ (మెలిపడుతూ స్ప్రింగులా పనిచేసే కడ్డీ) లాంటివి కుడివైపుది ఎడమవైపు వేయకూడదు, ఒకసారి ఒక దిక్కుకు మెలిపడిన బారును తిప్పి వేస్తే అది విరగడానికి సిద్ధంగా ఉన్నట్టే. ఆయన చదువు ఉర్దూ మీడియం. స్టాకు రిజిస్టర్లు అన్నీ ఉర్దూలోనే రాశారు, నంబర్లు మాత్రం ఇంగ్లిషు అంకెల్లో. ఏ పార్టు బదులు ఏది సరిపోతుందో, ఏది చూడ్డానికి ఒకేలా ఉన్నా సరిపోదో పక్కన రాసి పెట్టారు. నాకు ఉర్దూ రాదు. మండిబజార్ నుంచి ఒక పెద్దాయన సాయంత్రాలు వచ్చి చదివి వినిపిస్తుంటే నేను తెలుగులో రాసుకుంటున్నాను. ఆయనా ఒకప్పుడు ఇంజిన్ మిస్త్రీ కాబట్టి చదువుతూనే "ఇది నిజమేనమ్మా, నేనూ వేశాను" అని చెబుతారు. ఇలాంటి రిజిస్టర్లు కరీంనగర్‌లో, మంచిర్యాలలో, కాజీపేటలో ఎన్ని దుకాణాల అటకల మీద ఉన్నాయో. వారసులకు అవి చెదలు పట్టిన కాగితాలు.

2021లో కేంద్రం మోటారు వాహనాల నిబంధనలు సవరించింది. యాభై ఏళ్లు దాటిన ద్విచక్ర వాహనాలు, కార్లను వింటేజ్ వాహనాలుగా రిజిస్టర్ చేసుకోవచ్చు. నంబరు ప్లేటులో వీఏ అనే అక్షరాలు వస్తాయి. కొత్తగా రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, మళ్లీ చేయించుకోవడానికి 5,000. రోజువారీ తిరగడానికీ, కిరాయికీ పనికిరాదు. అందులో ముఖ్యమైన షరతు ఏమిటంటే బండి అసలు రూపంలో ఉండాలి, ఛాసీ, బాడీ, ఇంజిన్‌లో పెద్ద మార్పులు ఉండకూడదు. మన దగ్గర పార్టు దొరకలేదని చెప్పి వేరే డీజిల్ ఇంజిన్ పెట్టించడం మామూలు. ఒక్క గాస్కెట్టో ఒక్క బేరింగో గుర్తుపట్టలేక ఇంజినే మార్చేస్తే, రేపు ఆ కుటుంబం తాతగారి బండిని వింటేజ్‌గా నమోదు చేయించుకోవాలనుకున్నప్పుడు ఏం చేస్తుంది? అసలు ఇంజిన్‌ను తుక్కుకు వేసి ఉంటారు కూడా. ఇంజిన్ మార్చమని సలహా ఇచ్చే మిస్త్రీలు ఈ మాట కూడా యజమానికి చెప్పాలి.

మీ పత్రిక ద్వారా నేను అడిగేది పెద్దదేమీ కాదు. మన దగ్గర ఐటీఐలు ఉన్నాయి, పాలిటెక్నిక్ ఉంది, ఎన్ఐటీ ఉంది. స్కానర్లు, వెర్నియర్లు, చదువుకునే పిల్లలు అన్నీ అక్కడున్నాయి. పాత దుకాణాల్లోని కేటలాగులను, రిజిస్టర్లను స్కాన్ చేసి అందరికీ అందుబాటులో పెట్టే పని మెకానికల్ పిల్లలకు ప్రాజెక్టుగా ఇవ్వొచ్చు. ఊరికే స్కాన్ చేస్తే చాలదు, పార్టు తెచ్చి కొలిచి, నంబరు, కొలతలు, ఏ బండికి సరిపోయింది, ఏ బండికి సరిపోలేదు అన్నది రాయాలి. సరిపోలేదన్నది రాయడం మరీ ముఖ్యం, ఎందుకంటే దాన్ని ఏ కంపెనీ కేటలాగూ చెప్పదు. పాత మిస్త్రీలు ఇంకా కొందరు ఉన్నారు. వాళ్లను కూర్చోబెట్టి అడిగితే ఎంతో చెబుతారు, అడిగేవాళ్లు లేరంతే.

ఆటోనగర్‌లో పాత బండ్లు విరగ్గొట్టే అన్నలకు కూడా ఒక విన్నపం. అంబాసిడర్‌నో ఫియట్‌నో కోసేటప్పుడు ఛాసీ ప్లేటును, ఇంజిన్ నంబరును ఫోటో తీసి పెట్టుకోండి. విప్పిన డిస్ట్రిబ్యూటర్‌కు, కార్బురేటర్‌కు, స్టీరింగ్ బాక్సుకు ఆ బండి సంవత్సరం రాసిన చీటీ కట్టండి. చీటీ ఉన్న పార్టుకు నేను ఇనుము ధర కాదు, పార్టు ధర ఇస్తాను. మీకూ లాభమే.

మా దగ్గరికి ఎవరైనా పాత పార్టు తీసుకుని రావొచ్చు. కొనకపోయినా ఫర్వాలేదు, చూసి నంబరు రాసిస్తాను. మధ్యాహ్నం గిరాకీ తక్కువగా ఉంటుంది, అప్పుడు వస్తే తీరిగ్గా చూడొచ్చు. అలాగే మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ పార్టుల కేటలాగు మాకు ఎక్కడా దొరకడం లేదు. అందులో 948 సీసీ ఇంజిన్ పేజీలు అత్యవసరంగా కావాలి. భూపాలపల్లి దగ్గర ఒక బండి ఆ పేజీల కోసమే విప్పి ఉంది. ఎవరి ఇంట్లోనైనా ఉంటే దయచేసి ఈ పత్రిక వరంగల్ కార్యాలయానికి కబురు చేయండి. నేనే వచ్చి జిరాక్స్ తీయించుకుని పుస్తకం అదే రోజు తిరిగి ఇచ్చేస్తాను.

ఇట్లు,
స్పేర్ పార్టుల దుకాణం నడిపే ఒక పాఠకురాలు,
స్టేషన్ రోడ్డు, వరంగల్